మా కొండకు వచ్చినవాళ్ళు

సబ్బవరంలో నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "టీచరుగారూ, మీరు ఎస్టీలు కదా, మరి మీవాళ్ళు ఆదివారం ప్రార్థన పెట్టుకుంటారేటి? ఎస్టీలేనా, కన్వర్టయిపోయారా?" అడిగేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. తోటి టీచర్లు, పాలు పోసే ఆవిడ, ఇంటి ఓనరుగారు. వాళ్ళ లెక్కలో ఎస్టీ అన్నా ఒక మతమే, క్రైస్తవం అన్నా ఒక మతమే. ఒకటి ఉంటే రెండోది ఉండకూడదు. దామోదరం సంజీవయ్య పేరు మీద జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉన్న ఊరిది. అయినా ఈ చిన్న న్యాయం టీ కొట్టు దాకా రాలేదు. అందుకని ముందు అది చెప్పి, తర్వాత మా కొండ సంగతి చెబుతాను.

1950లో రాష్ట్రపతి రెండు ఉత్తర్వులు ఇచ్చారు. షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో మతం షరతు ఉంది. మొదట హిందువులకు, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది వర్తించింది. షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో మతం అన్న మాటే లేదు. 2004లో కేరళ ప్రభుత్వానికీ చంద్రమోహనన్ అనే ఆయనకూ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. మతం మారినంత మాత్రాన ఆదివాసీ ఆదివాసీ కాకుండా పోడు అంది. కానీ అక్కడితో ఆగలేదు. ఆ మనిషి ఇంకా ఆ తెగ కష్టాన్ని పడుతున్నాడా, ఆ తెగ ఆచారాలను పాటిస్తున్నాడా అన్నది చూడాలని కూడా అంది.

ఈ రెండో మాట దగ్గరే మాకు భయం. మతం మారిన ఆదివాసీలను జాబితా నుంచి తీసెయ్యాలన్న మాట కొత్తది కాదు. 1960ల చివర్లోనే ఉరావ్ తెగకు చెందిన కాంగ్రెసు ఎంపీ కార్తీక్ ఉరావ్ దాన్ని పార్లమెంటుకు తీసుకెళ్ళారు. ఈ మధ్య కొన్నేళ్ళుగా మళ్ళీ దాని మీద సభలు, ఊరేగింపులు జరుగుతున్నాయి. మేం శవాన్ని ఎలా సాగనంపుతామో, పుట్టిన పిల్లకు ఏ పేరు పెడతామో, కొత్తల పండక్కి డప్పు కొడతామో లేదో, ఇవన్నీ రేపు ఎవడో వకీలు అడిగే ప్రశ్నలు కావచ్చు.

మేం సవరలం. మా భాషలో సోర అనుకుంటాం. సీతంపేట ఏజెన్సీలో మా గూడెం. పాలకొండ నుంచి వచ్చే బస్సు దిగి ఇంకా నడవాలి. మా నాన్న వైపు ఎజ్జోళ్ళ కుటుంబం, అంటే చనిపోయినవాళ్ళతో మాట్లాడేవాళ్ళు. అమ్మ నా చిన్నప్పుడే బాప్తిస్మం తీసుకుంది. నేను తీసుకోలేదు. ఆదివారం మావాళ్ళతో కూర్చుంటాను, కొత్తలకు ఊరెళ్తాను. ఒకే ఇంట్లో రెండూ ఉన్నవాళ్ళు మా కొండల్లో లెక్కలేనంతమంది. కానీ రాసేటప్పుడు మాత్రం అందరూ మమ్మల్ని రెండు ముక్కలు చేసి రాస్తారు. ఒకరు మిషనరీలు మమ్మల్ని చీకట్లోంచి వెలుగులోకి తెచ్చారంటారు. ఇంకొకరు మోసం చేసి మార్చేశారంటారు. రెండు కథల్లోనూ మాకు బుర్ర లేదు. ఒకరు తెచ్చారు, ఒకరు మార్చారు. మేం ఏం చేశామో ఎవరూ రాయరు.

మా కొండకు చాలామంది వచ్చారు. ఫారెస్టోళ్ళు వచ్చి అడవి మీది కాదన్నారు. సారా షావుకారు వచ్చి చింతపండుకూ కందులకూ ముందే అప్పు రాసుకున్నాడు. 1960ల్లో వెంపటాపు సత్యం మాస్టారు, ఆదిభట్ల కైలాసం మాస్టారు వచ్చి ఆ అప్పుల మీద, పాలేరుతనం మీద తిరగబడమన్నారు. 1967లో లేవిడి దగ్గర కోరన్న, మంగన్న చనిపోయారు. 1970లో మాస్టార్లిద్దరూ పోయారు. తర్వాత ఐటీడీఏ వచ్చింది, ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి, నాలాంటి టీచర్లు వచ్చారు. మిషనువాళ్ళు ఈ వరసలో ఒకరు. మిగతా అందరినీ ఏ తక్కెడలో తూచామో వాళ్ళనూ అందులోనే తూచాలి. ఏం తెచ్చారు, ఏం తీసుకుపోయారు అని.

మా విశాఖపట్నానికి ప్రొటెస్టెంటు మిషను వచ్చింది 1805లో. లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు వచ్చారు. ఇద్దరూ 1810 నాటికే చనిపోయారు. ఈలోపే ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో మత్తయి, మార్కు, లూకా సువార్తలను తెలుగు చేశారు. అవి 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. 1846లో సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ పేరుగల కాథలిక్ సభ ఫాదర్లు విశాఖకు వచ్చారు. 1874లో కెనడా బాప్టిస్టులు కాకినాడలో మొదలుపెట్టి బొబ్బిలి, విజయనగరం, పాలకొండ, టెక్కలి, పర్లాకిమిడి దాకా పాకారు. 1882లో జర్మనీలోని బ్రెక్లుం నుంచి లూథరన్లు వచ్చి సాలూరు, కోరాపుట్ వైపు పనిచేశారు.

ఇన్ని సంవత్సరాలు రాసింది ఒక సంగతి చూపించడానికే. 1812లో తెలుగు సువార్త అచ్చయినా మా కొండ మాత్రం చాలాకాలం ఎక్కలేదు. దారి లేకపోవడం ఒక కారణం, మలేరియా ఇంకో కారణం. అన్నిటికన్నా పెద్ద కారణం మాకు తెలుగు రాకపోవడం. మా భాష తెలుగుకు చుట్టం కాదు. అది ముండా కుటుంబం. సంతాలీ, ముండారీ మాకు అన్నదమ్ములు. ఊళ్ళో సంతకు దిగిన మగవాళ్ళకు నాలుగు తెలుగు ముక్కలు వచ్చేవి. ఆడవాళ్ళకు అవీ రావు. తెలుగులో ఎంత గొప్ప సంగతి చెప్పినా మా ముసలమ్మలకు అది సంతలో బేరం మాటలాగే ఉండేది.

అందుకని కొండ ఎక్కాలంటే ముందు భాష నేర్చుకోవలసి వచ్చింది. మా పక్క కువి మాట్లాడే జాతాపు, కోదు ఊళ్ళున్నాయి. సాలూరులో ఉన్న షుల్జ్ అనే మిషనరీ 1911లో కువి భాషకు వ్యాకరణం అచ్చు వేయించాడు. మాకు ఆ పని చేసినది మాత్రం మిషనరీ కాదు. పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులు, గిడుగు వెంకట రామమూర్తిగారు.

ఆగస్టు 29న ప్రతి బడిలో తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. ఆయన 1863లో అదే రోజున పుట్టారు. ఫోటోకు దండ వేసి, వ్యావహారిక భాష కోసం పోరాడారని పిల్లలచేత చెప్పిస్తాం. నేనూ చెప్పిస్తాను. కానీ ఆయన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని మా భాష నేర్చుకున్నారనీ, మా పిల్లల కోసం మా భాషలోనే బడులు పెట్టారనీ, 1931లో సోర భాషకు వ్యాకరణం, 1938లో సోర-ఇంగ్లీషు నిఘంటువు తెచ్చారనీ ఆ రోజు చెప్పేవాళ్ళు తక్కువ. ఆయన మమ్మల్ని దేవుణ్ణి మార్చుకోమనలేదు. మా మాట వినడానికి వచ్చారు. ఇది నేను మర్చిపోను. ఎందుకంటే మా భాష నేర్చుకోవాలంటే మాకు ఏదో ఒకటి అమ్మాలి అన్న రూలు లేదని ఆయన చూపించారు.

పర్లాకిమిడి నుంచి కెనడా బాప్టిస్టులు మా సోర కొండల్లోకి వెళ్ళారు. అది ఇప్పుడు ఒడిశాలో గజపతి జిల్లా. సెరంగోలో ఆసుపత్రి పెట్టారు. ఇంగ్లీషు అక్షరాలతో సోర పుస్తకాలు వేశారు. సరిహద్దు గీతకు అటు మా చుట్టాలు ఆ అక్షరాల్లోనే పాటల పుస్తకం, బైబిలు చదువుతారు. చదువుకోని ఒక ముసలాయన ముందు ఎవరో పుస్తకం తెరిచి సోరలో చదివితే, కాగితానికి మన మాట వచ్చా అని ఆశ్చర్యపోయాడని అమ్మ వాళ్ళ ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. అప్పటిదాకా వాళ్ళు చూసిన కాగితాలు రెండే. షావుకారు అప్పు పత్రం, ఫారెస్టోడి కేసు కాగితం. రెండూ వేరే భాషలో ఉండేవి, రెండిట్లోనూ వేలిముద్ర వేయాలి. మన మాట పలికిన మొదటి కాగితం దేవుడిదైతే, ఆ దేవుడివైపు తల తిప్పారంటే అందులో మోసం ఏముంది?

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. ఈ మిషను వచ్చిన కెనడాలోనే, అదే కాలంలో, అక్కడి ఆదివాసీ పిల్లలను ఇళ్ళ నుంచి తీసుకుపోయి రెసిడెన్షియల్ బడుల్లో పెట్టారు. ప్రభుత్వం డబ్బుతో చర్చిలు నడిపిన బడులవి. కాథలిక్, ఆంగ్లికన్ చర్చిలవి ఎక్కువ. సొంత భాష మాట్లాడితే పిల్లలను కొట్టేవాళ్ళు. సుమారు 1,50,000 మంది పిల్లలు అలా పెరిగారని ఆ దేశం వేసిన సత్య సమాధాన సంఘం 2015లో తేల్చింది. 2022 జులైలో పోప్ ఫ్రాన్సిస్ అక్కడికి వెళ్ళి క్షమాపణ చెప్పారు. ఒకే దేశం నుంచి వచ్చిన మతం అక్కడ ఆదివాసీ నోరు నొక్కింది, ఇక్కడ ఆదివాసీ మాటను అచ్చు వేసింది. దేవుడు రెండుచోట్లా ఒక్కడే. అక్కడ బడి వాళ్ళ చేతిలో ఉంది. ఇక్కడ వాళ్ళు మా గుమ్మం ముందు నిలబడాలి, మేం రమ్మంటేనే లోపలికి రావాలి. తేడా అక్కడ వచ్చిందని నాకనిపిస్తుంది.

మా నోరు నొక్కిన పని ఇక్కడ వేరేవాళ్ళు చేశారు. నేను చదివిన హాస్టల్లో సవర మాట్లాడితే పది పైసలు జరిమానా. పైసలు లేనివాళ్ళు ఎండలో నిలబడాలి. నేను నిలబడ్డాను. నా పేరు కూడా అక్కడే మారింది. మాకు పిల్ల పుడితే చనిపోయిన పెద్దల్లో ఎవరో తిరిగొచ్చారని వాళ్ళ పేరు పెడతారు. నాకు మా నాన్నమ్మ పేరు పెట్టారు. రిజిస్టరు రాసిన మాస్టారికి అది నోరు తిరగలేదు. సినిమా హీరోయిన్ పేరు ఒకటి రాశారు. ఇప్పటికీ నా టీటీసీ సర్టిఫికెట్టు మీదా, జీతం బిల్లు మీదా అదే పేరు. తర్వాతి రోజుల్లో మా గూడెంలో పాస్టరు పిల్లలకు ఎస్తేరు, దావీదు అని పెట్టినప్పుడు మా నాన్న కోప్పడ్డాడు. "బడోళ్ళు మార్సినప్పుడు నువ్వేటనలేదు" అని అమ్మ అడిగింది. నాన్న దగ్గర జవాబు లేదు.

అమ్మ మారింది బైబిలు చదివి కాదు. అమ్మకు చదువు రాదు. నాకు ముందు పుట్టిన ఇద్దరు జ్వరంతో పోయారు. ఒక్కొక్కరికీ ఎజ్జోడు చెప్పినట్టు పంది, మేక, కోళ్ళు బలిచ్చారు. జీలుగు కల్లు, సారా కుండలకొద్దీ తెచ్చారు. దానికి చేసిన అప్పుకు రెండేళ్ళ కందిపంట షావుకారు ఇంటికి పోయింది. నేను మూడోదాన్ని. నాకూ జ్వరం వచ్చినప్పుడు అమ్మ పుట్టింటి నుంచి ఒకాయన వచ్చి ప్రార్థన చేశాడు, మాత్రలూ ఇచ్చాడు. బతికాను. ప్రార్థన వల్లో మాత్రల వల్లో అమ్మ విడదీసి చూడలేదు. "ఆ దేవుడు పందిని అడగలేదు" అన్నది. ఇది డబ్బాశ అనేవాళ్ళు అప్పు పత్రం మీద ఎప్పుడూ వేలిముద్ర వెయ్యనివాళ్ళు.

ఆ వచ్చినాయన తెల్లవాడు కాదు. మా సోర మనిషే. విదేశీ మిషనరీలను నేను ఒక్కరినీ చూడలేదు. స్వాతంత్ర్యం వచ్చాక వాళ్ళు ఒక్కొక్కరూ వెళ్ళిపోయారు. మా ఊళ్ళను మార్చింది మావాళ్ళే. కాలినడకన, భుజాన సంచితో, చుట్టరికం ఉన్న ఊరి నుంచి చుట్టరికం ఉన్న ఊరికి వెళ్ళినవాళ్ళు. వాళ్ళ పేర్లు ఏ మిషను పుస్తకంలోనూ పెద్దగా కనిపించవు. సారా మానిపించింది వాళ్ళు, ఆడపిల్లను బడికి పంపమని మా నాన్నతో తగువుపడింది వాళ్ళు. నేను టీచరునయ్యానంటే అందులో వాళ్ళ వాటా ఉంది.

ఇక తీసుకుపోయింది చెప్పాలి. మా సోరల దగ్గర లోకంలో చాలామంది దగ్గర లేనిది ఒకటుంది. చనిపోయినవాళ్ళు ఎజ్జోడి నోటితో తిరిగొచ్చి మాట్లాడతారు. తిడతారు, ఏడుస్తారు, అప్పు తీర్చావా అని అడుగుతారు, కల్లు పొయ్యమంటారు. బతికున్నవాళ్ళు జవాబిస్తారు. ఎందుకు పోయావని పోట్లాడతారు. ఇది ఒక రోజుతో అయ్యే తంతు కాదు, ఏళ్ళ తరబడి సాగుతుంది. మెల్లగా కోపం తగ్గి, దుఃఖం తగ్గి, చివరికి ఆ మనిషి పేరు ఒక పసిబిడ్డకు వస్తుంది. వెరియర్ ఎల్విన్ 1955లో మా మతం మీద పెద్ద పుస్తకం రాశాడు. ఆ తర్వాత పియర్స్ విటెబ్స్కీ అనే ఇంగ్లీషాయన 1970ల నుంచి ఒడిశా సోర ఊళ్ళలో ఉండి 1993లో ఈ మాటల మీద ఒక పుస్తకం, 2017లో ఇంకో పుస్తకం రాశాడు. మొదటి పుస్తకం పేరు చనిపోయినవారితో సంభాషణలు అని అర్థం వచ్చేలా ఉంటుంది. రెండోదాని పేరు చనిపోయినవారు లేకుండా బతకడం. ఆ రెండు పుస్తకాల మధ్య ఒక తరం పిల్లలు బాప్టిస్టులయ్యారు.

చర్చిలో చనిపోయినవాళ్ళు మాట్లాడరు. పరలోకంలో సుఖంగా ఉన్నారు, ఏడవకండి అంటారు. మా అమ్మకు ఆ మాట హాయిగానే ఉంది. కానీ చనిపోయిన ఆ ఇద్దరు పిల్లల గురించి అమ్మ మళ్ళీ నోరెత్తలేదు. నాన్న మాత్రం ఎజ్జోడు కూర్చున్నప్పుడల్లా వాళ్ళను పిలిచేవాడు. వాళ్ళు వచ్చి ఆకలని ఏడిస్తే తనూ ఏడ్చేవాడు. లేచి వచ్చి అన్నం తినేవాడు. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ ఊరట దొరికిందో నేను చెప్పలేను. ఒకటి మాత్రం చూశాను. డప్పు పోయినప్పుడు దానితో ఆట పోయింది. గోడ మీద పిండితో, ఎర్రమట్టితో వేసే బొమ్మ పోయినప్పుడు ఆ బొమ్మలో ఎవరెవరున్నారో చెప్పే కథ పోయింది. మైదానం నుంచి వచ్చిన పాస్టర్లు అన్నిటినీ కలిపి సైతాను పని అన్నారు. కందికొత్తలు కూడా అందులోనే వేశారు. కొత్త పంట ముందు పెద్దలకు పెట్టి తినడం సైతాను పని ఎలా అవుతుందని అడిగిన క్రైస్తవులు మా గూడెంలోనే ఉన్నారు. వాళ్ళకు జవాబు రాలేదు.

కిందటేడు మా బాప్ప, అంటే మా నాన్న అక్క, ఇక్కడే విశాఖలో పోయింది. ఆవిడ కొడుకు, మా బావ, సెంట్రింగ్ మేస్త్రీ. ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లి వెళ్ళే ఆరు వరుసల రోడ్డు పడ్డాక ఈ చుట్టుపక్కల లేఅవుట్లు, అపార్టుమెంట్లు చాలా లేచాయి. వంగలి దగ్గర పెట్రోలియం యూనివర్సిటీ వచ్చింది. పునాదులు తవ్వేవాళ్ళలో, ఇటుకలు మోసేవాళ్ళలో సీతంపేట, భామిని, గుమ్మలక్ష్మీపురం నుంచి వచ్చిన సవరలూ జాతాపులూ ఉంటారు. రేకుల షెడ్లలో కాపురాలు. ఆదివారం ఒక షెడ్డులో ప్రార్థన. మా బావ దానికి పెద్ద. బాప్ప మనవల్ని చూసుకోడానికి వచ్చింది. ప్రార్థనలో కూర్చునేది, పాడేది, బాప్తిస్మం మాత్రం తీసుకోలేదు.

పెద్దాసుపత్రిలో ఆవిడ పోయిన రాత్రి మా నాన్న ఫోను చేశాడు. "అక్కను కాల్చాలి. బూడిద మా రాళ్ళ దగ్గరికి రావాలి." మాకు దహనమే ఆచారం. తర్వాత కొన్నాళ్ళకు పెద్దల రాళ్ళ వరసలో ఒక రాయి పాతుతారు. ఆడబిడ్డ విషయంలో పుట్టింటికీ హక్కుంటుంది. బావ ఒప్పుకోలేదు. "అమ్మ ఆఖర్న యేసు పేరు పలికింది, పాతిపెడతాం" అన్నాడు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. బాప్ప నాతో ఆసుపత్రిలో సోరలో అన్న మాట ఒకటే. "నన్ను మా అమ్మ దగ్గర పెట్టండి." ఆవిడ చూపించిన చోటు పరలోకమా, పుట్టింటి రాళ్ళా అని నేను అడగలేదు. ఆ మాట మాత్రం ఇద్దరికీ చెప్పాను.

బండి మాట్లాడి ఊరు తీసుకెళ్ళాం. దారి పొడుగునా ఎవరూ మాట్లాడలేదు. గూడెం పెద్దలు రాత్రంతా కూర్చుని ఒక దారి చూశారు. శరీరాన్ని క్రైస్తవుల చోట ప్రార్థన చేసి పాతిపెట్టారు. ఆవిడ గాజులు, చీర కొంగు, కొంచెం జుట్టు మా నాన్నకిచ్చారు. నాన్న వాటిని మావాళ్ళు కాల్చే చోట కాల్చాడు. రాయి ఇంకా పాతలేదు. దానికి దున్నపోతు కావాలి, ఊరంతటికీ భోజనాలు పెట్టాలి. బావ దున్నపోతుకు రూపాయి ఇవ్వనన్నాడు. భోజనాలకు రెండు బస్తాల బియ్యం మాత్రం ఇస్తానన్నాడు. ఆ సంగతి విని మైదానం నుంచి వచ్చే పాస్టరు ఒకాయన, బియ్యం ఇచ్చినా విగ్రహారాధనే అన్నాడు. అటువైపు ఇంకొకాయన, ఈమధ్య గూడేలకు కాషాయం కండువాతో వస్తున్నవాడు, పాతిపెట్టినందుకు మా బావ మీద దరఖాస్తు పెట్టమని నాన్నకు చెప్పాడు. ఇంటికి తిరిగి రమ్మంటున్నాం అన్నాడు. నాన్న అడిగాడు, "ఏ ఇంటికి బాబూ? నువ్వు సెప్పే దేవుడు మా ఇంట్లో ఎప్పుడున్నాడు?"

ఆ రెండు బస్తాల బియ్యం నాకు చాలా పెద్ద సంగతి. సుప్రీంకోర్టు వెతకమన్న ఆచారం అందులోనే ఉందని నేననుకుంటాను. దేవుడు వేరైనా అక్కా తమ్ముళ్ళ హక్కు పోలేదు, మేనమామ ముందు మేనల్లుడి బాధ్యత పోలేదు, గూడెం పెద్దల మాటకు విలువ పోలేదు. మా తెగ నిలబడింది వీటి మీద. వీటిని తెంచమని చెప్పేవాళ్ళు ఏ రంగు కండువా వేసుకున్నా నాకు ఒకటే.

దేవుళ్ళ తగువు కంటే నాకు ఇప్పుడు భాష తగువు ఎక్కువ దిగులుగా ఉంది. సెరంగోలో మా భాష కోసం మొదలైన మిషను ఈ సబ్బవరం షెడ్డుకు వచ్చేసరికి పూర్తిగా తెలుగైంది. పాటలు తెలుగు, ప్రార్థన తెలుగు, ప్రసంగం మైకులో పుస్తకాల తెలుగు. ముసలివాళ్ళు ఆమెన్ అనే చోటు కనిపెట్టి అంటారు. పిల్లలకు సవర సగం వచ్చు, తెలుగు సగం వచ్చు. వాళ్ళు మా బడికి వస్తే రెండు సగాలు కలిపి ఒకటి అవ్వదు. 2004లో మన రాష్ట్రంలో ఎనిమిది ఆదివాసీ భాషల్లో ప్రాథమిక తరగతుల పుస్తకాలు వేశారు, సవరకు కూడా, తెలుగు లిపిలో. అవి ఏజెన్సీ బడులకే వచ్చాయి. లేఅవుట్ల మధ్య పెరిగే సవర పిల్ల ఎక్కడా లెక్కలో లేదు. పిల్ల ఇంటి భాషతో మొదలుపెట్టాలని టీటీసీలో మాకు పాఠం చెప్పారు. ఆ పాఠం మైదానంలో చెల్లదు.

మాకు లిపులు కూడా ఒకటి కాదు. ఇటు తెలుగు, అటు ఒడియా, చర్చి పుస్తకాలకు ఇంగ్లీషు అక్షరాలు. వీటన్నిటికీ విసిగి 1936లో మంగేయి గొమాంగో అనే మా సోర ఆయన సొంతంగా ఒక లిపి చేశాడు. సోర సోంపెంగ్ అంటారు. ఇరవై నాలుగు అక్షరాలు, ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క దేవత. ఒడిశాలో మరిచిగూడలో దానికి గుడి కూడా ఉంది. 2012లో అది కంప్యూటర్ల యూనికోడ్‌లో చేరింది. మిషను ఇచ్చిన అక్షరాలూ వద్దు, రాజు భాష అక్షరాలూ వద్దు, మా అక్షరాలు మేం చేసుకుంటాం అన్నాడు ఆయన. ఆ లిపి నాకు చదవడం రాదు, నేర్చుకుంటున్నాను. బయటివాళ్ళు వచ్చినప్పుడు మేం చేసిన పని అంటే నాకు ముందు గుర్తొచ్చేది అదే.

మా షెడ్డు పెద్దలకు నేను రెండు సంగతులు అడిగాను. ఒకటి, ప్రార్థనలో కనీసం ఒక పాట, ఒక సాక్ష్యం సోరలో ఉండాలి. సెరంగో పుస్తకంలోని పాటలను తెలుగు అక్షరాల్లో రాసి ఇస్తానన్నాను. ఒప్పుకున్నారు. రెండు, పిల్లలకు బైబిలు పేరు పెట్టినా పక్కన తాతదో నాన్నమ్మదో పేరు కూడా పెట్టి, ఆధార్ కార్డులో రెండూ రాయించాలి. దీనికి కొంతమంది ఒప్పుకున్నారు. చనిపోయినవాళ్ళు మళ్ళీ పుడతారని నమ్మినట్టు అవుతుందని మిగతావాళ్ళు అన్నారు. నమ్మక్కర్లేదు, మర్చిపోకుండా ఉంటే చాలు అన్నాను. ఇంకా మాట్లాడుతున్నాం.

మా నాన్నను కూడా ఒకటి అడిగాను. రాయి పాతిన రోజు ఎజ్జోడి నోట బాప్ప వచ్చి మాట్లాడితే, బావ అక్కడ లేకపోయినా, ఆ మాటలు ఫోనులో రికార్డు చెయ్యనివ్వమని. నాన్న చాలాసేపు ఆలోచించాడు. మా ఎజ్జోళ్ళలో ఇప్పుడు నలభై ఏళ్ళ లోపువాళ్ళు ఎవరూ లేరు. "అక్క ఒప్పుకుంటే నాకేటి" అన్నాడు. పంట చేతికొచ్చాక దున్నపోతు కొనాలి. బావ బియ్యం బస్తాలు మా ఇంట్లోనే పెట్టించాడు, పురుగు పట్టకుండా వేపాకు వేశాను.